పాటలు ఉన్నాయి సరే, వాటి కాగితాలేవీ?

ఆంధ్రప్రదేశ్ భాషా సాంస్కృతిక శాఖ సంచాలకులు గారికి,
నెల్లూరులోని డాక్టర్ ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాల ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు,

నమస్కారం.

2020 సెప్టెంబరులో బాలు గారు పోయారు. ఆ నవంబరులోనే మన ఊరి సంగీత పాఠశాలకు ఆయన పేరు పెట్టారు. సంతోషించాం. అదే ఏడాది ఫిబ్రవరిలో తిప్పరాజువారి వీధిలోని తమ ఇంటిని ఆయన వేదపాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు. అంచేత నెల్లూరులో ఆయన పేరు మీద పాట నేర్పే సర్కారు చోటంటే మీ బడే. ఈ ఉత్తరం మీకు రాయడానికి కారణం అదే. నేను అడిగేది పెద్ద ఖర్చయ్యే పని కాదు. ఒక గది, నాలుగు బీరువాలు, ఒక స్కానరు, ఓపికున్న మనిషి ఒకరు చాలు. పాత గ్రామఫోను రికార్డుల అట్టలు, రికార్డు మధ్యలో గుండ్రంగా అంటించే లేబుళ్లు, క్యాసెట్ డబ్బాలో మడిచిపెట్టే కాగితాలు, సీడీలతో వచ్చే చిన్న పుస్తకాలు, సినిమా హాళ్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకాలు, ఇవన్నీ నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటికి వెళ్లి తెచ్చి మీ బడిలో భద్రం చెయ్యండి.

పాటలన్నీ ఫోన్లో ఉన్నాయి కదా, ఈ చిత్తుకాగితాలు దేనికి అనేవాళ్లు ఉంటారు. మా ఇంట్లోనే ఉన్నారు.

మా నాన్నకి కావలి దగ్గర పల్లెలో మైకుసెట్టు ఉండేది. పెళ్లిళ్లు, తిరునాళ్లు, ఎన్నికలు, అన్నిటికీ ఆయనే. మైకుసెట్టు వాళ్ల దగ్గర అట్టలు ఎక్కువకాలం నిలిచేవి కావు. బరువు, పెట్టెలో చోటు చాలదు, తాళి కట్టే సమయానికి కావలసిన పాట చేతికి దొరకాలి. అందుకని అట్టలు అవతల పారేసి, లేబుళ్ల మీద రంగుతో పెద్ద పెద్ద అంకెలు వేసుకునేవాళ్లు. పాడినవాళ్ల పేర్లు ఆ రంగు కింద పోయేవి. మా నాన్న మాత్రం వేరే నోటుబుక్కులో అంకెలు రాసుకుని అట్టలు అట్టిపెట్టాడు. కారణం పెద్దదేం కాదు, పాటకి ముందు మైకులో పేర్లు చదవడం ఆయనకి సరదా. సిలోన్ రేడియోలో మీనాక్షి పొన్నుదొరై గారు చదివినట్టు చదవాలని ఆశ. సంగీతం ఎవరు, రచన ఎవరు, పాడినవారు ఎవరు అని వరస తప్పకుండా చదివేవాడు. పెళ్లివారు విసుక్కునేవాళ్లు, "ఏందబ్బా, పాటెయ్యవయ్యా" అని. అక్షరాలు చదవడం నేను బళ్లో నేర్చుకున్నా, పేర్లు చదవడం మాత్రం ఆ అట్టల మీదే నేర్చుకున్నాను.

మీరు ప్రభుత్వంలో ఉన్నారు కనుక మీకు తెలిసిన మాటలో చెబుతాను. ఉద్యోగికి సర్వీసు రిజిస్టరు ఎట్లాగో గాయకుడికి ఈ కాగితాలు అట్లా. ఎప్పుడు చేరాడు, ఎవరి కింద పనిచేశాడు, ఎవరి పక్కన నిలబడ్డాడు, ఎప్పుడు పైకి వచ్చాడు, మధ్యలో ఎన్నాళ్లు ఖాళీగా ఉన్నాడు, అన్నీ వాటి మీద పడతాయి. పాట వింటే గొంతు తెలుస్తుంది. ఆ గొంతుకి ఆనాడు ఇచ్చిన చోటు కాగితం మీదే తెలుస్తుంది.

బాలు గారినే తీసుకోండి. ఆయన మొదటి సినిమా పాట రికార్డయింది 1966 డిసెంబరు 15న, "శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న" కోసం. సంగీతం ఎస్.పి. కోదండపాణి. ఆ పాటలో ఆయన ఒక్కడే లేడు. పి. సుశీల, పి.బి. శ్రీనివాస్, కళ్యాణం రఘురామయ్య కూడా ఉన్నారు. అందరూ అప్పటికే పేరున్నవాళ్లు, ఇరవై ఏళ్ల కుర్రాడు ఇతనొక్కడే. ఈరోజు ఏ యాప్‌లో ఆ పాట చూసినా పైన ఆయన బొమ్మే పెడతారు. ఇప్పటి కీర్తిని పట్టుకెళ్లి అప్పటి పాటకి అంటించడం అది. ఆనాడు రికార్డు కొన్నవాడికి ఆ పేరు కొత్త. ఆ కొత్తదనం తెలియాలంటే ఆనాటి లేబులే చూడాలి.

ఆ తర్వాతి అట్టలు వరసగా పెట్టుకుంటే ఆయన ఎదుగుదల పుస్తకం చదివినట్టు తెలిసిపోతుంది. తెలుగు మొదలైన కొద్దికాలానికే కన్నడం, 1969లో తమిళంలో ఎం.జి.ఆర్. సినిమా, 1980లో "శంకరాభరణం", 1981లో హిందీకి "ఏక్ దూజే కే లియే". భాష మారినప్పుడల్లా కంపెనీ మారుతుంది, సంగీత దర్శకుడు మారతాడు, పక్కన పాడే ఆడగొంతు మారుతుంది. ఒకనాటికి సినిమా పేరు కింద చిన్న అక్షరాల్లో ఉన్న గాయకుడి పేరు క్యాసెట్ ముఖం మీదకి వస్తుంది. హీరో బొమ్మ బదులు గాయకుడి బొమ్మ వేసి, ఆయన పాటల సంపుటి అని అమ్ముతారు. ఆ రోజు నుంచి పాట అమ్ముడుపోయేది పాడినవాడి పేరు మీద. నన్నడిగితే గాయకుడి జీవితంలో జాతీయ అవార్డుల కన్నా ఇదే పెద్ద మలుపు. అవార్డు ఇచ్చేది కొద్దిమంది పెద్దలు, క్యాసెట్ కొనేది పెద్దబజారులో జనం.

ఇంకొకటి కూడా ఈ కాగితాలే చెబుతాయి. మొదటి పాట దగ్గర సంగీత దర్శకుడిగా కనిపించిన కోదండపాణి గారి పేరు, ఆయన పోయిన తర్వాతి కాలపు కాగితాల మీద మళ్లీ వస్తుంది, ఈసారి మద్రాసులో ఒక రికార్డింగు థియేటరు పేరుగా. శిష్యుడు కట్టించి గురువు పేరు పెట్టుకున్న థియేటరది. సభలో చెప్పే గురుభక్తి వేరు, ప్రతి రికార్డింగు కాగితం మీదా అచ్చుపడే గురుభక్తి వేరు. సంగీతం నేర్చుకునే పిల్లలకి ఇది ఉపన్యాసంగా చెప్పనక్కర్లేదు, రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూపిస్తే సరిపోతుంది.

"శంకరాభరణం" కాగితం ఒక్కటే పెట్టుకుని మీ పిల్లలకి ఒక రోజంతా పాఠం చెప్పొచ్చు. ఆ సినిమా అనగానే వేటూరి, కె.వి. మహదేవన్, బాలు అంటాం. కాని అందులో రామదాసు ఉన్నాడు, సదాశివ బ్రహ్మేంద్రులు ఉన్నారు, మైసూరు వాసుదేవాచార్యులు ఉన్నారు. వేటూరి రాసినవి ఏవో, వాగ్గేయకారులవి ఏవో విడివిడిగా చెప్పకపోతే మూడు వందల ఏళ్ల తేడా ఒక్క పేరు కింద కలిసిపోతుంది. పాడినవాళ్లలో ఎస్. జానకి, వాణీ జయరామ్ ఉన్నారు. ఆ సినిమాకి వాణీ జయరామ్‌కి కూడా జాతీయ అవార్డు వచ్చిందనేది ఇవాళ ఎంతమందికి గుర్తుంది? ఎవరు ఏ పాట పాడారో చెప్పకుండా "శంకరాభరణం పాటలు, గానం బాలు" అని ఒకే ముక్కలో పెట్టేస్తే జరిగేది ఇదే. ఆడవాళ్ల పేర్లే ముందు జారిపోతాయి.

అట్టలన్నీ సత్యవాక్కులని నేను అనను. పాతకాలంలో అవీ అబద్ధాలు చెప్పాయి. 1949 నాటి "మహల్" సినిమాలో లతా మంగేష్కర్ పాడిన పాట రికార్డు మీద వేసిన పేరు కామిని. అది సినిమాలో పాత్ర పేరు! పాట ఊళ్లన్నీ మోగింది, పాడిందెవరో జనానికి తెలియలేదు. దానికన్నా ముందు, 1902లో మన దేశంలో రికార్డింగులు మొదలైన కాలంలో, గాయని గౌహర్ జాన్ పాట అయిపోగానే "మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్" అని తనే చెప్పేసేది. రికార్డు అచ్చొత్తేది జర్మనీలో, అక్కడివాళ్లకి లేబుల్ మీద ఏ పేరు వెయ్యాలో తెలియాలి కదా. పనికోసం చెప్పిన మాటే గాని, నాకు మాత్రం మహా ఇష్టం. ఆవిడ తన లేబుల్‌ని తన గొంతుతోనే రాసిపెట్టుకుంది.

మన ప్రకాశం జిల్లా ఆడబిడ్డ భానుమతి గారికి ఈ బాధ లేదు. ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టిన ఆవిడ తెర మీద కనిపించేదీ, పాడేదీ తనే. 1951లో "మల్లీశ్వరి" రికార్డులు కొన్నవాళ్లకి భానుమతి, ఘంటసాల, సాలూరు రాజేశ్వరరావు, కృష్ణశాస్త్రి అని నాలుగు పేర్లు చాలు. ఆ రోజుల్లో రికార్డుకి అట్ట అంటే మట్టిరంగు కాగితం సంచి, దాని మీద కంపెనీ ప్రకటన, నడిమధ్య లేబుల్ కనబడేలా గుండ్రటి రంధ్రం. రాతలకి చోటే లేదు. ఒక్కో వైపు మూడు మూడున్నర నిమిషాల పాట, లేబుల్ మీద నాలుగు ముక్కలు, ఒక నంబరు. అయినా ఆ నంబరు వరసని బట్టి ఏది ముందో ఏది వెనకో తేల్చుకోవచ్చు. సంచి మీద అమ్మిన కొట్టు రబ్బరు ముద్ర ఉంటే అది ఏ ఊళ్లో అమ్ముడుపోయిందో కూడా తెలుస్తుంది. దయచేసి స్కాన్ చేసేటప్పుడు ఆ ముద్రల్ని, పెన్నుతో రాసిన పేర్లని మురికి అనుకుని చెరిపెయ్యొద్దు.

ఆ లోటు కొంత తీర్చింది పాటల పుస్తకాలు. కథ సగం చెప్పి "తరువాయి వెండితెరపై చూడండి" అని ఊరించి, వెనక పేజీల్లో పాటలు వేసేవాళ్లు. అవి హాలు బయట కొని ఇంటికి తెచ్చిన ఆడవాళ్ల పుణ్యమా అని ఇంకా కొన్ని మిగిలాయి. బియ్యం డబ్బా అడుగునో దేవుడి పటాల వెనకో ఉంటాయి. అడిగితే ఇస్తారు. అడగాలి, అంతే.

ఎల్పీ, అంటే చాలా పాటలు పట్టే పెద్ద రికార్డు, వచ్చాక వెనక అట్టంతా ఖాళీ కదా, రాతలు పెరిగాయి. ఇక్కడ నాకు సినిమావాళ్ల మీద ఒక కోపం ఉంది. శాస్త్రీయ సంగీతం ఎల్పీ తిప్పి చూడండి: రాగం, తాళం, కృతికర్త, వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు, ఘటం ఎవరు, అన్నీ ఉంటాయి. సినిమా ఎల్పీ మీద కథ ఉంటుంది, నిర్మాత ఉంటాడు, వీణ వాయించిన మనిషి ఉండడు. ఎ.ఆర్. రెహమాన్ కాలం వచ్చాకే క్యాసెట్ కాగితాల మీద వేణువు ఎవరిది, గిటారు ఎవరిది, మిక్సింగు ఎవరిది అనే పేర్లు బాగా కనబడసాగాయి. ఆ అలవాటు పూర్తిగా కుదురుకోకముందే క్యాసెట్టూ పోయింది, సీడీ పోయింది, కాగితమే పోయింది.

ఇప్పుడు ఫోన్లో చూడండి. ఒకే మనిషి బాలసుబ్రహ్మణ్యంగా ఒక చోట, బాలసుబ్రమణ్యంగా ఇంకో చోట, మూడు పొడి అక్షరాలుగా మరో చోట. రచయిత పేరు ఒక్కోసారి ఉంటుంది, ఒక్కోసారి ఉండదు. మళ్లీ ఎక్కించిన ఏడాదినే పాట పుట్టిన ఏడాదిగా వేస్తారు. నేను ఒక పాటల యాప్ వాళ్లకి, మా ఇంట్లో ఉన్న అట్ట ఫొటో తీసి పంపి, మీరు వేసిన గాయని పేరు తప్పు అని రాశాను. మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అని జవాబొచ్చింది. అట్ట మీద అచ్చుపడిన పేరు నా అభిప్రాయం ఎట్లా అయిందో వాళ్లకే తెలియాలి.

బాలు గారు నలభై వేల పాటలు పాడారంటారు. 1966 నుంచి 2020 దాకా 54 ఏళ్లు. లెక్కేస్తే ఏడాదికి దాదాపు 740, పండగ పబ్బం లేకుండా రోజుకి రెండు. ఆ వేగం ఆయనకి అసాధ్యమని నేను అనను. సుశీల గారి విషయంలో గిన్నిస్ వాళ్లు 2016లో గుర్తించినవి 17,695 పాటలు. ఆ అంకె చివర ఐదు ఉండటమే నాకు నచ్చింది: ఎవరో కూర్చుని లెక్కపెట్టారన్నమాట. మనవాడికి ఆ పని ఎవరు చేస్తారు? మద్రాసువాళ్లు తమిళం లెక్క చూసుకుంటారు, బెంగళూరువాళ్లు కన్నడం లెక్క చూసుకుంటారు. తెలుగు లెక్క ఆయన పేరున్న బడిలో మొదలవడం న్యాయం కాదా?

అయినా, నిజం చెప్పాలంటే, నా దిగులు బాలు గారి గురించి కాదు. ఆయన పేరు ఎక్కడికీ పోదు. నా దిగులు బృందం గురించి. "బాలు, బృందం", "సుశీల, బృందం" అని వేస్తారు చూడండి, ఆ బృందం. ఇంకా ముఖ్యంగా మన జిల్లాల్లో తయారైన చిన్న క్యాసెట్ల గురించి. పెంచలకోన నరసింహస్వామి మీద, జొన్నవాడ కామాక్షమ్మ మీద, మాలకొండ స్వామి మీద, కసుమూరు దర్గా మీద పాటలు కట్టి, తిరునాళ్లలో, ఉరుసుల్లో అమ్మిన క్యాసెట్లు ఉండేవి. బుర్రకథలు, హరికథలు ఉండేవి. బాలు గారి నాన్నగారు సాంబమూర్తి గారు హరికథకులే కనుక మీకు ఆ సంగతి చెప్పక్కర్లేదు. ఆ క్యాసెట్లలో పాడిన మనిషి ఏ నాటకసమాజంలో పాత్రధారో, ఏ పల్లెలో భజన గురువో. అతని గొంతు ఏ యాప్‌లోనూ లేదు. అతను పాడాడని చెప్పే రాతసాక్ష్యం లోకంలో ఆ చిన్న కాగితం ఒక్కటే. రెండు రంగుల్లో అచ్చు, పైన దేవుడి బొమ్మ, మడతలో గాయకుడి పాస్‌పోర్టు ఫొటో, కింద అచ్చుతప్పులతో పేరు. టేపు బూజు పట్టి, ప్లాస్టిక్ డబ్బా పగిలి, పాత ఇనపసామాన్ల బండిలో పడితే ఆ గాయకుడు పాడనట్టే.

టైము ఎక్కువ లేదు. సముద్రం దగ్గర జిల్లాలు మనవి, తేమకి అట్టలు ఉబ్బుతాయి, చెదలు పడతాయి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు ఒడ్డు కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చి, బురద ఎత్తిపోసేటప్పుడు జనం మొదట పారేసింది ఇట్లాంటి పెట్టెల్నే. వాళ్లని తప్పుపట్టలేం.

చట్టం అడ్డొస్తుందేమోనని మీ ఆఫీసులో ఎవరైనా ఫైలు మీద రాయవచ్చు. చూసే రాస్తున్నాను. కాపీరైటు చట్టంలో 52వ సెక్షన్, ఒకటో ఉపసెక్షన్, (ఎన్) క్లాజు, 2012 సవరణతో వచ్చింది: లాభం కోసం కాని ప్రజా గ్రంథాలయం, తన దగ్గర అసలు ప్రతి ఉన్నప్పుడు, భద్రపరచడం కోసం దాన్ని ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవచ్చు. కాబట్టి అసలు కాగితం ముందు మీ బీరువాలోకి రావాలి, గదికి ప్రజా గ్రంథాలయం హోదా ఉండాలి. ఎవరి ఫోన్లోనో తీసిన ఫొటోలు పోగేస్తే సరిపోదు. అదే చట్టంలో 52ఏ సెక్షన్ ఒకటుంది, 1984 సవరణలో చేర్చింది. ప్రతి రికార్డు మీదా, దాని డబ్బా మీదా తయారుచేసినవారి పేరూ చిరునామా, హక్కుదారు పేరూ చిరునామా, మొదట విడుదలైన ఏడాది వెయ్యాలని చెబుతుంది. పాడినవాళ్ల పేరు వెయ్యమని అందులో లేదు! ఆ ముక్క 2012లో 38బి వచ్చేదాకా ఆగింది. తన ప్రదర్శన తనదేనని గుర్తింపు అడిగే హక్కు కళాకారుడికి అప్పుడిచ్చారు, అదీ వాడుక తీరును బట్టి పేరు వదిలేయక తప్పని చోట మినహాయింపుతో. అంటే 2012కి ముందు అట్టల మీద గాయకుల పేర్లు ఉన్నాయంటే అది చాలావరకు కంపెనీల మర్యాద, వ్యాపారం. అవి దాచకపోతే రేపు ఎవరైనా హక్కు అడిగినా చూపించడానికి కాగితం ఉండదు.

పని ఎట్లా చెయ్యాలో మీకంటే నాకు ఎక్కువ తెలుసని కాదు గాని, అట్టలతో బతికినవాణ్ణి కనుక రెండు మాటలు. లామినేషన్ చెయ్యొద్దు, సెల్లోటేపు అంటించొద్దు, రెండూ కాగితాన్ని చంపేస్తాయి. ముందూ వెనకా, లేబుళ్లు రెండూ, లోపలి కాగితమూ స్కాన్ చెయ్యండి. పేర్లు ఎట్లా అచ్చయితే అట్లాగే ఎక్కించండి, తప్పుందనిపిస్తే పక్కన రాయండి, దిద్దొద్దు. సంచాలకులు గారు ఒక సర్క్యులర్ పంపితే రెండు జిల్లాల శాఖా గ్రంథాలయాలు సేకరణ కేంద్రాలుగా పనికొస్తాయి. మీ విద్యార్థుల చేత నెలకొక అట్ట చదివించండి, ఆ తర్వాతే పాట వినిపించండి. గాత్రం నేర్చుకునే పిల్ల తన పేరు రేపు ఏ చోట పడుతుందో, ఎక్కడ పడకుండా పోతుందో ఇప్పుడే చూసుకోవాలి.

మా నాన్న పెట్టెలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. బడికి ఇచ్చేస్తాను, డబ్బులు అక్కర్లేదు. ఒక్క షరతు: "పాత రికార్డులు, ఒక లాటు" అని రసీదు రాస్తే ఒప్పుకోను. ఒక్కొక్క రికార్డూ, దాని మీద అచ్చుపడిన పేర్లతో సహా, మీ స్టాకు రిజిస్టరులో ఎక్కాలి. రాసే మనిషిని పంపండి. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే.

ఇట్లు,
మీ బడి గోడ పక్కనుంచి రోజూ నడిచిపోయే ఒక శ్రోత,
నెల్లూరు